గడువు తీరిన చమురు లీజులకు విడుదల పత్రం ఇవ్వాలి

సంపాదకులు గారికి,

కోనసీమలోను, నరసాపురం పరిసరాల్లోను చమురు, సహజ వాయువు బావుల తవ్వకానికి పొలాలను లీజుకిచ్చిన కుటుంబాల వారసులు కొందరు ఇప్పుడు హైదరాబాద్‌లో స్థిరపడి ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. మా తాతగారు కొబ్బరితోటలో కొంత భాగాన్ని బావి స్థలంగా ఒక చమురు సంస్థకు రిజిస్టర్డ్ లీజు మీద ఇచ్చారు. ఆ బావి మూతపడి, కౌలు సొమ్ము ఆగిపోయి చాలా ఏళ్లయింది. అయినా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ధ్రువపత్రం) తీయించిన ప్రతిసారీ ఆ లీజు నమోదు కనిపిస్తూనే ఉంది. దాన్ని చూసి బ్యాంకు రుణం ఇవ్వడానికి వెనకాడుతోంది, కొనేవారు బేరం మధ్యలోనే తప్పుకుంటున్నారు. స్థలం తమకు అవసరం లేదని సంస్థ అధికారులు నోటిమాటగా చెబుతారే తప్ప, ఆ మాటనే కాగితం మీద పెట్టమంటే పెట్టరు.

ఈ విషయంలో మన రైతులను ఎక్కువగా అయోమయంలో పడేసేది లీజులు రెండు ఉండటం. మొదటిది ప్రభుత్వం సంస్థకు ఇచ్చే పెట్రోలియం లీజు. ఇది 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం కింద విశాలమైన ప్రాంతానికి వర్తిస్తుంది, దీని గడువును పొడిగిస్తూ పోవచ్చు. రెండోది బావి తవ్వే చోట పైభూమి కోసం రైతుతో చేసుకునే లీజు. మొదటిది అమల్లో ఉన్నంత మాత్రాన రెండోది దానంతటదే కొనసాగదు. రైతు వెళ్లి అడిగితే మాత్రం మొదటి లీజు కాగితం చూపించి పంపేస్తుంటారు. ఇది అన్యాయం.

భూగర్భ ఖనిజం సాధారణంగా భూయజమానికే చెందుతుందని, చట్టం దాన్ని తీసేసుకున్నప్పుడే ఆ హక్కు పోతుందని 2013లో సుప్రీంకోర్టు కేరళలోని మలబార్ జన్మీల (వంశపారంపర్య భూయజమానుల) భూముల కేసులో చెప్పింది. అయితే చమురు, సహజ వాయువుల విషయంలో మన రైతుకు ఆచరణలో దక్కేది పైభూమి కౌలు, పంట నష్టపరిహారం మాత్రమే. ఆన్‌షోర్ (నేల మీది) బావుల రాయల్టీ రాష్ట్ర ప్రభుత్వానికి వెళుతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం తవ్వే జిల్లాలకు గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో, తవ్వకాల వల్ల నష్టపోయిన వారి మేలు కోసం జిల్లా ఖనిజ నిధి వచ్చినా, ఆ చట్టం ఖనిజ తైలాలను తన పరిధి నుంచి మినహాయించినందున చమురు తీసే ప్రాంతాలకు ఆ నిధి కూడా లేదు. ఇంత తక్కువ దక్కుతున్న రైతుకు కనీసం తన భూమి తనకు నిరాటంకంగా తిరిగి రావాలని కోరడం అత్యాశ కాదు.

అమెరికాలో ఖనిజ హక్కు చాలాచోట్ల ప్రైవేటు వ్యక్తులదే. అక్కడి చమురు లీజుకు మొదట కొన్నేళ్ల గడువు, ఆ తర్వాత ఉత్పత్తి సాగినంత కాలం అన్న షరతు ఉంటాయి. దీనివల్ల నామమాత్రంగా పారే పాత బావి ఒక్కటి వందల ఎకరాలను దశాబ్దాల పాటు లీజులో బంధించి ఉంచగలదు. హక్కు తరతరాలుగా వారసుల మధ్య చీలి చిన్నచిన్న వాటాలైపోవడం అక్కడా ఉన్న చిక్కే. అయినా కాన్సస్, ఓక్లహామా వంటి రాష్ట్రాల్లో ముగిసిన లీజును లీజుదారే లిఖితపూర్వకంగా విడుదల చేయాలని, నిరాకరిస్తే నష్టపరిహారం చెల్లించాలని చట్టం ఉంది. ఖనిజ హక్కు మాట ఎలా ఉన్నా, ఈ ఒక్క నియమాన్ని మన పైభూమి లీజులకు తెచ్చుకోవడానికి అడ్డేమీ నాకు కనిపించడం లేదు.

నిజానికి మన ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు లీజుదారు సహజమైన అరుగుదల మినహా భూమిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. మా తోటలో కాంక్రీటు దిమ్మె అలాగే ఉంది, కంకర పరిచిన మేర గడ్డి కూడా సరిగా మొలవడం లేదు. బావిని సిమెంటుతో శాశ్వతంగా మూసివేశారో, పైన వాల్వు బిగించి వదిలేశారో తెలిపే పత్రం మా చేతిలో లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద ఎగసిన బావి మంటలు రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ ప్రాంతం వారికి మూసిన బావి గురించి కూడా భయం ఉండటం సహజం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కేంద్ర పెట్రోలియం శాఖ కలిసి సర్వే నంబర్ల వారీగా బావి స్థలాల జాబితాను ప్రకటించాలి. ఏ లీజు అమల్లో ఉంది, ఏది ముగిసింది, ఏ బావిని ఏ పద్ధతిలో మూశారు అన్నవి అందులో ఉండాలి. గడువు తీరిన 90 రోజుల్లోగా సంస్థే తన ఖర్చుతో విడుదల పత్రాన్ని రిజిస్టర్ చేయించేలా నిబంధన తేవాలి. ఈసీ జరిగిన రిజిస్ట్రేషన్లను చూపుతుందే తప్ప లీజు గడువు తీరిపోయిందని తనంతట తాను చెప్పదు కాబట్టి, ఆ పత్రం లేనిదే రైతు భూమికి స్వేచ్ఛ రాదు.

నాలాంటి వారసులకు ఒక సూచన. తాతముత్తాతల పేరిటే ఉండిపోయిన పట్టాను ముందు మ్యుటేషన్ (మీ పేరుకు మార్పు) చేయించుకోండి, పాత లీజు దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, ప్రభుత్వ రంగ సంస్థ అయితే బావి మూసివేత వివరాలను సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. సాధ్యమైతే ఒకే గ్రామంలోని వారసులంతా కలిసి ఒకే అర్జీ ఇవ్వండి. ఒక్కొక్కరు వేర్వేరుగా వెళ్లినప్పుడు మాకు దొరికింది నోటిమాటే.

ఇట్లు,
ఒక భూయజమాని,
కూకట్‌పల్లి, హైదరాబాద్