రేసు కారును పైకి లేపి చూడండి

సంపాదకుడు గారికి,

రేసు కార్ల గురించి పత్రికల్లో ఏం రాసినా హార్స్‌పవర్ లెక్కే ముందుంటుంది. ఆ బలాన్ని చక్రాల దాకా మోసే గేర్‌బాక్సు, షాఫ్టుల ఊసే ఉండదు. గేర్‌బాక్సులు బిగించడమే నా వృత్తి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక కంపెనీ ఇంజనుకు మరో కంపెనీ గేర్‌బాక్సు తగిలించడం తప్పేమీ కాదు, నేనూ చేస్తాను. అయితే రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటుకు బోల్టులన్నీ పట్టేశాయి కదా అని పని అయిపోయిందనుకోవడమే ప్రమాదం. ఇంజనులో తిరిగే క్రాంకు, ఆ తిప్పుడును గేర్‌బాక్సులోకి తీసుకునే ఇన్‌పుట్ షాఫ్టు ఒకే గీత మీద ఉండాలి. క్రాంకు చివరన తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దానికి డయల్ గేజీ (సన్నటి తేడాను ముల్లుతో చూపే పరికరం) కట్టి, గేజీ మొనను బెల్ హౌసింగ్ (ఫ్లైవీల్‌ను, క్లచ్చును కప్పే గూడు) రంధ్రం లోపలి అంచుకు ఆనించి, ఇంజనును చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పితే ముల్లే చెప్పేస్తుంది. ముల్లు ఊపు మొత్తం 0.005 అంగుళం, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు దాటకూడదని మాలో చాలామంది పాటించే లెక్క. దాటితే హౌసింగ్‌ను కాస్త పక్కకు జరిపే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేసి సర్దాలి. ఓపికతో చేయాల్సిన పని. తొందరలో అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. ఆ తేడా ఇన్‌పుట్ షాఫ్టు కొసను పట్టుకునే పైలట్ బేరింగును, క్లచ్చు ప్లేటు హబ్బును లోలోపలే తినేస్తుంది, బయటికి ఏమీ తెలియదు.

ఫ్లైవీల్ సంగతి ఇంకా భయపెడుతుంది. 30 సెంటీమీటర్ల ఫ్లైవీల్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు వేగం గంటకు 450 కిలోమీటర్లు. చుట్లు రెట్టింపైతే దాన్ని చీల్చే బలం నాలుగింతలవుతుంది. మామూలు కార్ల పోత ఇనుప ఫ్లైవీల్‌ను, పల్చటి అల్యూమినియం బెల్ హౌసింగ్‌ను ఈ పనికి వాడకూడదు. పగిలిన ముక్కలను లోపలే ఆపగల, ఎస్‌ఎఫ్‌ఐ (రేసు భాగాలకు భద్రతా ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) వారి 6.1 ముద్ర ఉన్న హౌసింగ్ వేయాలి.

1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్ అనే ట్రాకులో, డ్రాగ్ రేసుల్లో (తిన్నని ట్రాకు మీద జరిగే వేగ పందేల్లో) పేరున్న డాన్ గార్లిట్స్ కారు గేర్‌బాక్సు పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. చూడ్డానికి వచ్చిన మనిషికీ గాయమైంది. అంత అనుభవం ఉన్న డ్రైవరుకే తప్పలేదు.

ఈమధ్య నా షెడ్డుకు ఒక కారు వచ్చింది. గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు జాయింటు తెగి, ఫ్లోరును జానెడు మేర చీల్చేసింది. రేకు అంచులు పైకి విచ్చుకుని, సీటు పట్టాకు నాలుగు వేళ్ల దూరంలో ఆగాయి. కారు నడిపిన కుర్రాడికి ఏమీ కాలేదు. ఆ కారు రోల్ కేజ్ (డ్రైవరును కాపాడే గొట్టాల పంజరం), హెల్మెట్, బెల్టులు అన్నీ ఆ ఉదయమే తనిఖీలో పాసయ్యాయి. కింద ఏముందో ఎవరూ వంగి చూడలేదు. జాయింటు తెగినా షాఫ్టును ఎగరకుండా పట్టేందుకు దాని చుట్టూ ఉండాల్సిన ఉక్కు పట్టీ అసలు లేనే లేదు. అమెరికాలో డ్రాగ్ రేసులు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ నియమాల్లో ఆ పట్టీ కొలతలు కూడా ఉన్నాయి: పావంగుళం మందం, 2 అంగుళాల వెడల్పు, ముందు జాయింటుకు 6 అంగుళాల లోపు. ఏ వెల్డరైనా చేసివ్వగలిగిన వస్తువది.

అందుకే పోటీలు నిర్వహించే వారిని నేను కోరేదొక్కటే. గేర్‌బాక్సు మార్చిన ప్రతి కారునూ స్టాండ్ల మీదికి ఎత్తి, బెల్ హౌసింగ్ ముద్ర, షాఫ్టు పట్టీ, జాయింట్లు చూశాకే ట్రాకు మీదికి వదలండి. ఆ చూపు పడే దాకా, స్టార్టింగ్ గీత దగ్గర బెల్ హౌసింగ్‌కు సరిగ్గా పక్కన ఎవరినీ నిలబడనివ్వకండి. ఫ్లైవీల్ పగిలితే ముక్కలు వచ్చేది అటువైపే.

ఇట్లు,
ఒక గేర్‌బాక్సు మెకానిక్