కలర్ ఫొటో 1976లో పుట్టలేదు

సంపాదకులు గారికి,

గత నెల ఆదివారం అనుబంధంలో వీధి ఫొటోగ్రఫీ మీద మీరు వేసిన రెండు పేజీల వ్యాసం గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. ఈపాటికి ఎవరో ఒకరు రాసే ఉంటారనుకున్నాను. ఈ పేజీ రోజూ చూస్తున్నాను, ఎవరికీ పట్టినట్టు లేదు.

మీ వ్యాసం ప్రకారం, 1976లో న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగిల్‌స్టన్ ప్రదర్శన పెట్టాకే కలర్ ఫొటోకు గౌరవం దక్కిందట! అదే మ్యూజియం 1962లోనే ఎర్న్‌స్ట్ హాస్ అనే మరో ఫొటోగ్రాఫర్ కలర్ ఫొటోలు ప్రదర్శించింది. పోనివ్వండి, అమెరికా పంచాయితీ అమెరికావాళ్లు తేల్చుకుంటారు. మన దేశపు కలర్ ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ పేరు ఆ రెండు పేజీల్లో ఒక్కచోటైనా ఉండొద్దా? 1942లో జైపూర్‌లో పుట్టిన ఈయన గంగానది మీద కలర్ పుస్తకం తెచ్చింది 1974లో. కలకత్తా మీద తెచ్చింది 1975లో. ఇవి 1976కి ముందో తర్వాతో మీ డెస్కులో కూడికలు వచ్చినవాళ్లెవరైనా ఉంటే చూడమనండి.

తేయాకు కంపెనీ ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క కెమెరాతో స్థిరపడ్డ మనిషి ఆయన. 1966లో జైపూర్ వచ్చిన ప్రసిద్ధ ఫ్రెంచ్ వీధి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ పనిచేస్తుంటే దగ్గరుండి గమనించారు. ఆ పెద్దాయనకు కలరంటే చిన్నచూపు. రఘుబీర్ ఆయన్నుంచి వీధిని చూడటం నేర్చుకున్నారు గానీ రంగు విషయంలో మాత్రం మాట వినలేదు. నలుపు తెలుపు పాశ్చాత్యుల చూపు, మన జీవితంలో రంగు విడదీయరానిదని చివరిదాకా వాదించారు. 1967లో బీహార్‌లోని ముంగేర్‌లో తీసిన ఫొటో చూడండి. జోరువానలో చీరలు ఒంటికి అతుక్కుపోయి ఒకరికొకరు ఆనుకుని నిలబడ్డ ఆడవాళ్లు. ఆ చీరల రంగులు తీసేస్తే అందులో ఏం మిగులుతుంది? 1991లో హౌరాలో పేవ్‌మెంట్ మీద అద్దాల కొట్టును తీశారు. అందులో అసలు వీధి ఏదో, అద్దంలో కనిపించే వీధి ఏదో తేల్చుకోవడానికి నాకు ఇప్పటికీ కొంతసేపు పడుతుంది. అదంతా కోడాక్రోమ్ స్లైడ్ ఫిల్ము మీద చేసిన పని. వెలుతురు లెక్క కాస్త తప్పితే బొమ్మ చెడినట్టే. గల్లీ స్టూడియోలో కడిగేదీ కాదు. ఫోన్‌లో వంద నొక్కి తొంభైతొమ్మిది చెరిపేసేవాళ్లకు ఆ టెన్షన్ ఎలా తెలుస్తుంది!

మొదటి పుస్తకానికి సత్యజిత్ రాయ్ అట్ట రూపొందించారు. ప్రభుత్వం 1983లో పద్మశ్రీ ఇచ్చింది, అంతటితో తన పని అయిపోయిందనుకున్నట్టుంది. 1999లో ఆయన న్యూయార్క్‌లో పోయాక, అంబాసిడర్ కారు తలుపుల్లోంచి, అద్దాల్లోంచి దేశాన్ని చూపించిన పుస్తకం వచ్చింది. 2017లో పెద్ద ప్రదర్శన పెట్టింది కూడా న్యూయార్క్‌లోని మెట్ మ్యూజియమే. ఆ సమయంలోనే ఆయన ప్రవర్తన మీద ఒక మహిళా కళాకారిణి ఆరోపణ చేశారు, మ్యూజియం బయట నిరసన జరిగింది. అదీ రాయండి, దాచమనడం లేదు. అసలు మనిషే లేనట్టు రాయడమే నాకు మింగుడుపడటం లేదు.

మిమ్మల్ని మాత్రమే అనడమెందుకు? ఆస్తిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు ఏటా ముక్కుపిండి వసూలు చేస్తున్నారు. ఆ మధ్య ఒక పెద్ద గ్రంథాలయంలో ఈయన పుస్తకం ఏదైనా ఉందా అని అడిగితే, కంప్యూటర్ బీరువాలో ఫొటోషాప్ గైడు ఉంటుంది చూసుకోమన్నారు. అదీ పాత వెర్షన్‌ది! ఇక వీధిలో ఎవరైనా కుర్రవాడు కెమెరా బయటికి తీస్తే పర్మిషన్ ఉందా అని లాఠీ ఊపుతారు. నడిరోడ్డు మీద పొగ వదిలి, డ్రోన్ ఎగరేసి ప్రీ వెడ్డింగ్ షూట్ చేసేవాళ్లకు మాత్రం అదే లాఠీ పట్టుకుని ట్రాఫిక్ ఆపి పెడతారు. ఇలాంటి చోట ఇంకో రఘుబీర్ సింగ్ రావాలంటే ఎక్కణ్ణుంచి వస్తాడు? మీరు ఏటా పెట్టే ఫొటో పోటీల్లోనూ బహుమతులన్నీ ముసలివాళ్ల ముడతల మొహాలకే, అవీ నలుపు తెలుపులో. కలర్‌లో తీసినదాన్ని కళ అనడానికి మీ న్యాయనిర్ణేతలకు ఇంకా భయంగానే ఉన్నట్టుంది.

మీరు సవరణ వేస్తారన్న ఆశ నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం తెలియజేయండి. ఆ వ్యాసంలోని ఫొటోలన్నిటి కిందా 'ఇంటర్నెట్ సౌజన్యం' అని వేశారు. ఈ ఇంటర్నెట్ గారు కెమెరా పట్టుకుని ఏ వీధుల్లో తిరిగారు?

ఇట్లు,
ఒక పాత చందాదారు