మార్క్ టలీ: షార్ట్‌వేవ్ మీద వినిపించిన మన దేశం

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. పాత రేడియోల గురించి మాట్లాడుకుంటున్న సందర్భంలో బీబీసీ విలేకరి మార్క్ టలీ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఆయన 1935లో కలకత్తాలో ఆంగ్ల వ్యాపార కుటుంబంలో పుట్టారు. ఇంటి డ్రైవరు దగ్గర హిందీ అంకెలు నేర్చుకుంటుంటే, అది పనివాళ్ల భాష అని ఆయా మందలించిందట. ఆ పిల్లవాడే పెద్దయ్యాక హిందీలో ధారాళంగా సంభాషించడం నాకెంతో ముచ్చటగా అనిపిస్తుంది. కేంబ్రిడ్జిలో దైవశాస్త్రం చదివి, మతగురువు కావాలన్న ఆలోచన మానుకుని, 1964లో బీబీసీలో చేరి మరుసటి ఏడాదే ఢిల్లీకి వచ్చారు.

ఎమర్జెన్సీలో, 1975లో, ప్రభుత్వం ఆయనను దేశం నుంచి పంపించివేయగా 1977లో తిరిగి వచ్చారు. ఆపరేషన్ బ్లూస్టార్ (అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో సైనిక చర్య), భోపాల్ విషవాయువు, అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత వంటి ఘట్టాలన్నిటినీ ఆయన నివేదించారు. 1992 డిసెంబరులో అయోధ్యలో ఆగ్రహించిన గుంపు చుట్టుముట్టగా కొన్ని గంటలపాటు ఒక గదిలో బందీగా ఉండవలసి వచ్చింది. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్తను ఆకాశవాణి సాయంత్రం వరకు ప్రకటించకపోగా, బీబీసీ గంటల ముందే చెప్పింది. వార్త నిజమో కాదో తేల్చుకోవడానికి ఆనాడు జనం బీబీసీ పెట్టుకోవడం వెనుక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి.

సంస్థ అధిపతి జాన్ బర్ట్ పాలనా విధానాన్ని 1993లో బహిరంగంగా విమర్శించి, మరుసటి ఏడాది ఉద్యోగం వదులుకున్నా, ఢిల్లీని మాత్రం వదలలేదు. పద్మశ్రీ, పద్మభూషణ్‌లతో పాటు బ్రిటన్ నుంచి సర్ బిరుదు కూడా ఆయనకు లభించింది.