మా ఆయిల్ హోసులు కొన్నవాళ్లు ఎగిరే ముందు ఒకసారి విప్పి చూడండి

ముందు అసలు విషయం చెప్పేస్తాను. గత ఆరు నెలల్లో మా దగ్గర రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు లోపల మూడు మూలల రోటర్ తిరిగేది) కోసం ఆయిల్ హోసులు తీసుకున్నవాళ్లు విమానాన్ని ఉన్నచోటే ఉంచండి. ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్లే హోసు, తిరిగొచ్చే హోసు రెండూ విప్పి, కింద చెప్పినట్టు చూసుకున్నాకే మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేయండి. తప్పు మాదే. ఎలా జరిగిందో దాచకుండా రాస్తున్నాను.

మూడు వారాల కిందట ఒక కస్టమర్ ఫోన్ చేశారు. సొంతంగా కట్టుకున్న విమానం, మాజ్డా కారు రోటరీ ఇంజిన్ 13బీ. ఇంకా గాల్లోకి లేవలేదు, నేలమీదే నడిపి చూస్తున్నారు. ఐడిల్‌లో, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, ఆయిల్ ప్రెషర్ బాగానే ఉంటోంది. థ్రాటిల్ పెంచితే మామూలుగా అది 70 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గరిదాకా ఎక్కి అక్కడ నిలబడాలి. ఈయనకి 50 దాకా వచ్చి, ఆపైన ఆర్పీఎం పెంచేకొద్దీ కిందికి జారుతోంది. ఇంజిన్ వేడెక్కాక మరీనూ. గేజ్ మార్చారు, ఒత్తిడిని కొలిచి గేజ్‌కి పంపే సెండర్ మార్చారు, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ వాల్వు తీసి కడిగారు, ఆఖరికి ముందు కవర్ విప్పి పంపు కూడా చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. "హోసులేమన్నా తేడా ఉంటాయంటారా?" అని అడిగితే, "ప్రెషర్ టెస్ట్ చేసే పంపామండీ, వాటిలో ఏమీ ఉండదు" అని ధీమాగా చెప్పింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఆయన నా మాట నమ్మలేదు. హోసులు విప్పి పంపారు, మంచి పని చేశారు. బల్ల మీద పెట్టి నిలువునా కోశాను. ఒకదానిలో ఫిట్టింగ్ మొన దాటగానే, లోపలి రబ్బరు లోంచి చిటికెన వేలి గోరంత ముక్క లేచి కనిపించింది. పూర్తిగా తెగలేదు. ఒక అంచున అతుక్కుని నాలుకలా ఉంది. వేలితో ఇటునుంచి తోస్తే గోడకి పడుకుంటోంది, అటునుంచి తోస్తే లేచి సగానికి పైగా దారి మూసేస్తోంది. మన దురదృష్టం కొద్దీ ఆయిల్ వెళ్లేది అటునుంచే. ఐడిల్‌లో నెమ్మదిగా పారుతున్నంతసేపూ అది పెద్దగా కదలదు. పంపు గట్టిగా తోసినప్పుడు లేస్తుంది, వేడికి రబ్బరు మెత్తబడ్డాక ఇంకా సులువుగా లేస్తుంది.

ఈ ఇంజిన్‌లో పంపు నుంచి ఆయిల్ ముందువైపు నుంచి బయటికొచ్చి, కూలర్ గుండా తిరిగి, వెనక హౌసింగ్‌లోకి చేరి, ఫిల్టర్ దాటాక బేరింగులకి వెళ్తుంది. ప్రెషర్ చూపించే సెండర్ ఉండేది ఆ చివరనే. మధ్యలో హోసు మూసుకుంటే పంపు దగ్గర ఒత్తిడి పెరిగి, ముందున్న రిలీఫ్ వాల్వు తెరుచుకుని, ఆయిల్ మళ్లీ సంప్‌లోకే (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకే) పడిపోతుంది. అంటే పంపు బంగారంలా పనిచేస్తూనే ఉంటుంది, బేరింగులకి మాత్రం ఆయిల్ అందదు. ఆ కస్టమర్ అన్నీ విప్పినా జబ్బు దొరకకపోవడానికి కారణం ఇదే.

మరి మా ప్రెషర్ టెస్ట్‌లో ఎందుకు దొరకలేదు? ఒక చివర బిరడా పెట్టి, రెండో చివర నుంచి ఒత్తిడి ఎక్కిస్తాం. లోపల ఏదీ పారదు కాబట్టి నాలుక ఉన్నా లేకపోయినా ఫలితం ఒకటే. లీకు ఉందా లేదా అన్నదే అది చెప్పేది. చివర్లో గాలి కొట్టి శుభ్రం చేసేవాళ్లం, అదీ ఒకవైపు నుంచే. హోసు వంకరగా తెగినా, ఫిట్టింగ్ మొనకి నూనె రాయకుండా తోసినా, ఆ మొన లోపలి రబ్బరుని చెక్కేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన జబ్బే. షాపులో ఉండేది నేనూ మా బావమరిదీ ఇద్దరమే. ఆర్డర్లు మీద పడ్డప్పుడు అరిగిన బ్లేడు మార్చలేదు, లోపల లైటు వేసి చూడటం మానేశాం. బావమరిది అప్పట్లోనే ఒకటికి రెండుసార్లు చెప్పాడు. తొందరపెట్టింది నేను.

పిస్టన్ ఇంజిన్ వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు దీన్ని చిన్న విషయంగా చూడొచ్చు. రోటరీలో ఆయిల్ పని బేరింగులతో అయిపోదు. రోటర్ లోపలికి నీళ్లు వెళ్లే దారే లేదు. రోటర్లు తిప్పే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లోని జెట్‌ల నుంచి చిమ్మే ఆయిలే దాన్ని చల్లబరచాలి. చల్లార్చాల్సిన వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మోస్తుంది. అందుకే ఈ ఇంజిన్‌కి ఆయిల్ కూలర్ లేకుండా కుదరదు, ఆ కూలర్‌కి వెళ్లే హోసు సన్నబడినా కుదరదు.

ఇక చూసుకునే పద్ధతి. రెండు చివర్లూ తిన్నగా ఉంటే టార్చి వేసి అటునుంచీ ఇటునుంచీ చూడండి. లోపలి గుండ్రం ఎక్కడా చెదరకూడదు. ఒక చివర వంపు ఫిట్టింగ్ ఉంటే చూపు ఆనదు. అప్పుడు ఫిట్టింగ్ రంధ్రం కంటే కాస్త చిన్న ఉక్కు గోలీ తీసుకుని లోపలికి జారవిడవండి. ఒకవైపు నుంచి సాఫీగా వచ్చిందని ఆగకండి, తిప్పి రెండోవైపు నుంచి కూడా వేయండి. వేసిన గోలీ బయటికొచ్చిందో లేదో లెక్క చూసుకోండి, లోపల ఉండిపోతే అదో కొత్త ప్రమాదం! ఎక్కడైనా రబ్బరు ముక్క తెగి ఊడిపోయిన గుర్తు కనిపిస్తే, వెళ్లే హోసు అయితే అది కూలర్‌లో ఇరుక్కుని ఉంటుంది. తిరిగొచ్చే హోసు అయితే ఫిల్టర్‌లో దొరకాలి, కోసి చూడండి. అనుమానం ఉన్నా చాలు, రెండూ మాకు పంపేయండి. కొత్తవి చేసి పంపుతాం, రానూపోనూ ఖర్చు మాదే.

ఇకపై ప్రతి హోసుకీ రెండువైపుల నుంచీ గోలీ వేశాకే ప్రెషర్ టెస్ట్. హోసు మీద కట్టే బిళ్ల మీద తేదీ, చేసినవాళ్ల సంతకం ఉంటాయి. ఇంజిన్ గదిలో ఉండే ఆయిల్ హోసులన్నిటికీ ఫైర్‌స్లీవ్ (మంట తగలకుండా కాపాడే తొడుగు) ఇకనుంచి మేమే వేసి పంపుతాం, విడిగా అడగక్కర్లేదు. స్లీవ్ కొసల్ని సీల్ చేస్తాం, లేకపోతే కారిన ఆయిల్‌ని అది ఒత్తిలా పీల్చుకుంటుంది.

రెండో విషయం, అందరికీ ఒకే కొలతతో అమ్ముతున్న కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల) పైపుల సెట్ ఆపేస్తున్నాం. నిజం చెప్పాలంటే అది మొదటినుంచీ అంత మంచి ఆలోచన కాదు. క్లైంబ్‌లో, అంటే విమానం పైకెక్కేటప్పుడు, ఇంజిన్ వేడెక్కుతోందని చాలామంది రాశారు. అందరూ అడిగేది ఇంకా పెద్ద రేడియేటర్ పెట్టాలా అని. నేను చూసినంతలో ఎక్కువసార్లు గొడవ రేడియేటర్‌ది కాదు. గాలి బయటికి పోయే దారి ఇరుకుగా ఉండటమో, నీళ్లలో గాలి చిక్కుకోవడమో అయ్యుంటుంది. థర్మోస్టాట్ తీసేసి బైపాస్ రంధ్రం మూయడం మర్చిపోయినవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది.

గాలి చిక్కుకోవడంలో మా సెట్‌కీ వాటా ఉంది. తోకచక్రం ఉన్న విమానం నేలమీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఆ భంగిమలో అన్నిటికంటే ఎత్తున ఉండే చోటు వేరు, గాల్లో సమంగా ఎగిరేటప్పుడు ఎత్తున ఉండే చోటు వేరు. మేమిచ్చిన పైపులో గాలి వదిలే నిపిల్ ఒకటే ఉంది, అదీ ముక్కుచక్రం ఉన్న విమానానికి సరిపోయేలా పెట్టాం. తోకచక్రం వాళ్లు కూలెంట్ నింపేటప్పుడు తోక లేపి, విమానాన్ని సమంగా ఉంచి ఇంకోసారి గాలి తీయండి. పైన ఉండే కూలెంట్ ట్యాంకు అడుగు నుంచి వచ్చే పైపు తప్పకుండా పంపు పీల్చే వైపుకే కలవాలి. వేరేచోట కలిపితే పంపు నురగ పీలుస్తుంది.

కూలెంట్‌లో ఒత్తిడి నిలిపే ప్రెషర్ మూత గురించి కూడా చెప్పాలి. 3000 మీటర్ల ఎత్తున ఉత్త నీళ్లు దాదాపు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. 1 బార్ మూత సరిగ్గా పట్టుకుంటే అదే ఎత్తున 115 దాకా ఆగుతాయి, కూలెంట్ కలిపితే ఇంకొంచెం ఎక్కువ. అంటే సూది మొనంత లీకుతో ఒత్తిడి పోయినా, ట్యాంకులో నీళ్లు నిండుగా ఉండగానే మరగడం మొదలవ్వొచ్చు. ఇంకో మోసం ఏంటంటే, నీళ్లు పూర్తిగా పోయాక టెంపరేచర్ సెన్సర్ గాలిలో వేలాడుతూ తక్కువ చూపిస్తుంది. పైలట్ హమ్మయ్య అనుకుంటాడు, లోపల ఓ-రింగులు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు వలయాలు) మాడిపోతుంటాయి. కాబట్టి కూలెంట్ లైనుకి టెంపరేచర్ గేజ్‌తో పాటు ప్రెషర్ గేజ్ కూడా పెట్టుకోండి. మా దగ్గరే కొనక్కర్లేదు.

చిన్న మాట ఇంకోటి: మా ఏఎన్ ఫిట్టింగులు (విమానాల్లో వాడే రకం) 37 డిగ్రీల వాలు సీటు ఉన్నవి. కారు సామాన్లలో దొరికే 45 డిగ్రీల వాటిని వాటికి బిగించకండి. మర కలిసినా సీటు కలవదు.

ఇవన్నీ చేయడం వల్ల ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయి. ముందు మార్చాల్సిన హోసులు, ఆ తర్వాతే కొత్త ఆర్డర్లు. ఇప్పటికే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవాళ్లకి ఆరు వారాలు పట్టొచ్చు. ఆగలేమనుకుంటే చెప్పండి, మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం, ఏమీ అనుకోం.

కొత్త కూలెంట్ పైపులు మీ కొలతకే చేస్తాం. టేపుతో తిన్నగా కొలిచి పంపకండి. పైపు వెళ్లే దారిలో మందపాటి తాడు వేసి, వంపులన్నీ తిప్పి, ఇంజిన్ అదిరినప్పుడు లాగకుండా కాస్త వదులు ఉంచి, అప్పుడు తాడు పొడవు కొలవండి. తోకచక్రమా ముక్కుచక్రమా అన్నది తప్పకుండా రాయండి. మీ హోసులు ఈ ఆరు నెలల్లోవో కాదో తెలియకపోతే ఫిట్టింగుల ఫొటో తీసి పంపండి. నట్లు నల్లగా ఉంటే ఈ ఆరు నెలల్లోవే, నీలంగా ఉంటే పాతవి. పాతవాటిని కోసిన బ్లేడు కొత్తదే అయినా, విప్పినప్పుడు ఎలాగూ గోలీ వేసి చూడండి.