పేరు తెలుగులో, షరతు ఇంగ్లీషులో

సంపాదకుల వారికి నమస్కారం.

పండగల బేరాలు మొదలయ్యాయి. ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్ళే దారిలో హోర్డింగులన్నీ మారిపోయాయి. అందులో ఒకటి ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే షాపుది. 'హాయీఎంఐ' అని పెద్ద పెద్ద అక్షరాలు. హాయిని, ఈఎంఐని, అంటే నెలవారీ వాయిదాని, కలిపి కుట్టిన మాట. అదే ప్రకటన మీ జిల్లా పేజీలోనూ చూశాను. రాసినవాళ్ళకి తెలుగు బాగా వచ్చని ఒప్పుకోవాలి. మా వీధి కుర్రాళ్ళు అప్పుడే టీ డబ్బులు బాకీ పెట్టి 'హాయీఎంఐ' అంటున్నారు. షాపువాళ్ళకి కావలసిందీ అదే కదా.

కొత్త మాటలు పుట్టిస్తున్నారని నాకు కోపం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో నొప్పుల మందు తయారుచేసి అమృతాంజనం అని పేరు పెట్టారు. అదీ అమ్మకం కోసం పుట్టిన మాటే. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నాకే, 1908లో, ఆయన ఆంధ్రపత్రిక పెట్టారు. కాబట్టి తెలుగు పత్రికలు ప్రకటనల భాషని మరీ చిన్నచూపు చూడడానికి లేదు. మా ఇళ్ళలో ఈనాటికీ ఏ బామ్ రాసుకున్నా అమృతాంజనమే, ఏ కంపెనీ వనస్పతి అయినా డాల్డానే. తమ పేరుని ఇలా అన్నిటికీ వాడొద్దని జిరాక్స్ కంపెనీ అమెరికాలో ప్రకటనలే ఇచ్చుకుంది, ఎవరూ వినలేదు. మరో పక్క 2009లో బింగ్ అనే సెర్చ్ ఇంజన్ వచ్చినప్పుడు, గూగుల్ చెయ్యి అన్నట్టే జనం బింగ్ చెయ్యి అని కూడా అంటారని మైక్రోసాఫ్ట్ ఆశపడింది. ఎవరూ అనలేదు. జనం తమకి పనికొచ్చిన మాట ఉంచుకుంటారు, లేకపోతే వదిలేస్తారు. దానికి పత్రికకి ఉత్తరం రాయక్కర్లేదు.

నేను రాస్తున్నది ఆ హోర్డింగు అడుగున ఉన్న వరుస గురించి. చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, ప్రాసెసింగ్ ఫీజు వేరు, షరతులు వర్తిస్తాయి అని ఉంది. మా గజపతి జిల్లాలో తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్ళే. తెలుగు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరా, మీలాంటి పత్రికలు చూసీ నేర్చుకున్నారు. ఒడియా చదువుతారు, తెలుగు చదువుతారు, ఆ ఇంగ్లీషు వరుస దగ్గర ఆగిపోతారు. పక్కింటి పిన్ని ఇలాంటి స్కీములోనే వాషింగ్ మెషీన్ కొన్నది. మొదటి నెలే వాయిదా కాక ఫీజు, దాని మీద జీఎస్టీ అదనంగా కట్ అయ్యాయి. వెళ్ళి అడిగితే "కింద రాసే ఉంది కదమ్మా" అన్నారట.

సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి సర్క్యులర్ పంపింది. క్రెడిట్ కార్డు బాకీల మీద అలాంటి ఈఎంఐలు ఇచ్చినప్పుడు వడ్డీని తరచూ ప్రాసెసింగ్ ఫీజు కింద దాచిపెడుతున్నారని అందులో విడమరిచి చెప్పింది. ఆ తర్వాత ఊరూరా 'నో కాస్ట్ ఈఎంఐ', అంటే అదనపు ఖర్చు లేని వాయిదా, అనడం మొదలైంది. ఇప్పుడు అచ్చ తెలుగులో హాయి వచ్చింది. పాత మాటకి అడ్డు చెబితే కొత్త మాట పుడుతుంది. తినేవాటిలోనూ ఇంతే. హెల్త్ డ్రింక్ అనే రకమే ఆహార భద్రతా చట్టంలో లేదని, పాలలో కలుపుకునే పొడులని ఆ పేరు కింద పెట్టొద్దని 2024 ఏప్రిల్లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకి చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఆ మాట వింటూ ఒక తరం పిల్లలు పెద్దవాళ్ళైపోయారు.

గిడుగు రామమూర్తి గారు 1880లో మా ఊరి రాజావారి బడిలోనే పంతులుగా చేరారు. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని ఆయన అంత పోరాడింది చదివినవాళ్ళకి విషయం అర్థం కావాలని. ఇప్పుడు ఆయన ఊరి జనానికి పేరు మాత్రం వాడుక భాషలో, రేటు మాత్రం రాని భాషలో.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో గొప్ప ఏ భాషలో చెప్పుకుంటే షరతు కూడా ఆ భాషలోనే, ఆ ఫాంటులోనే ఉండాలని అందులో ఉంది. హోర్డింగు ఆంధ్రాలో, కొన్నవాళ్ళు ఒడిశాలో, ఎవరికి చెప్పుకోవాలి అని మావాళ్ళు వెనకాడుతుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తాము ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, షాపు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇది మీ పత్రికలో ఒక మూల వేసినా మా వైపు చాలామందికి పనికొస్తుంది.

ఆ ప్రకటన దీపావళి దాకా మీ పేజీల్లో వస్తూనే ఉంటుందనుకుంటాను. మళ్ళీ వేసేముందు ఫీజు ఎంతో, జీఎస్టీతో కలిపి మొత్తం ఎంత పడుతుందో తెలుగులో, కనపడే అక్షరాల్లో ఇమ్మని మీ ప్రకటనల విభాగం వాళ్ళని అడగమనండి. షాపువాళ్ళు ఇవ్వం అంటే ఆ సంగతైనా మాకు చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా