వట్టి చెక్క మీద అచ్చు నిలవదు

సంపాదకులకు నమస్కారం.

చెక్కపెట్టె మీద రబ్బరు స్టాంపులతో బొమ్మలు అద్దడం ఎలాగో మీ పిల్లల పేజీలో వేశారు. మంచి పని. కానీ కొన్న పెట్టె మీద నేరుగా, ఆఫీసు స్టాంపు ప్యాడు ఇంకుతో అచ్చు వేయమన్నారు. అలా వేస్తే హంస బొమ్మ రెక్క చుట్టూ వెంట్రుకల్లా గీతలు మొలుస్తాయి. వట్టి చెక్క ఇంకును చారల వెంబడి లాగేసుకుంటుంది మరి. పైన వార్నిష్ పూశారా, మిగిలిన ఇంకు బ్రష్షుతో పాటు సాగి మూతంతా ఊదారంగు మరక అవుతుంది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ముడి బట్ట మీద కలం పెట్టరు. కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి, ఎండబెట్టాకే గీత మొదలుపెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. చెక్కకూ అలాంటి అడ్డు ఒకటి కావాలి.

ముందు 120 నంబరు ఉప్పుకాగితంతో చారల వెంబడి రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీరలు రంగు వేశాక బయటపడతాయి. తడిబట్టతో ఒకసారి తుడిచి ఆరనిస్తే చెక్క నూగు లేస్తుంది, దాన్ని 220 నంబరుతో తీసేయాలి. ఇది మానేస్తే ప్రైమరు (రంగుకు ముందు అడ్డుగా వేసే పూత) తడికి అదే నూగు లేచి పెట్టె గరగరలాడుతుంది. నీళ్లతో కలిపే తెల్ల ప్రైమరు ఒక పూత, దాని మీద యాక్రిలిక్ రంగు పల్చగా రెండు పూతలు, పూతకీ పూతకీ గంట ఎడం. మందంగా ఒకే పూత వేస్తే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల మెత్తగా ఉండి స్టాంపుతో పాటు రంగు ఊడొస్తుంది. అందుకే అచ్చు మర్నాడు వేయాలి. ఆ రంగే ఒక చెంచాడు మూతపెట్టి దాచుకుంటే తప్పులు దిద్దుకోవచ్చు.

అచ్చుకు కూడా యాక్రిలిక్ రంగే వాడాలి. స్టాంపును రంగులో ముంచకూడదు. శనగగింజంత రంగు పింగాణీ పళ్లెంలో వేసి, స్పాంజి ముక్కతో పరిచి, ఆ స్పాంజితోనే రబ్బరు మీద అద్దాలి. మొదటి అచ్చు పాత పేపరు మీద వేసి చూసి, మళ్లీ రంగు అద్ది రెండోది పెట్టె మీద వేయాలి. నిట్టనిలువుగా దించి, నాలుగు మూలలా నొక్కి, నిట్టనిలువుగా ఎత్తాలి. ఏ మాత్రం ఊపినా అంచు రెండుగా పడుతుంది. చిరునామా స్టాంపుల్లా పైపైన చెక్కినవి దీనికి పనికిరావు. గాడుల్లో రంగు నిండి మామిడిపిందె బొమ్మ కాస్తా ముద్దవుతుంది. పెన్సిల్ రబ్బరును పెద్దలు దగ్గరుండి చెక్కిస్తే లోతుగా వస్తుంది, చవక కూడా. అక్షరాలైతే తిరగేసి చెక్కాలి.

మన తిరుపతి ఎండకు స్టాంపు మీది రంగు చూస్తుండగానే బిగుస్తుంది. ఫ్యాను ఆపి, పొద్దున్నే మొదలుపెట్టి, ప్రతి అచ్చుకూ మళ్లీ అద్దుకోవాలి. ఐదారు అచ్చులకొకసారి పాత టూత్‌బ్రష్షుతో సబ్బునీళ్లలో కడగాలి. బిగిశాక థిన్నరు పోస్తే రబ్బరు ఉబ్బి బొమ్మ వంకరపోతుంది.

24 గంటలు ఆరాక నీటి వార్నిష్ రెండు పల్చటి పూతలు చాలు. నూనె వార్నిష్ తెల్లరంగును పోనుపోను పసుపురంగుకు తిప్పుతుంది. మూత, పెట్టె కలిసే అంచుకు మాత్రం మందంగా ఏమీ పూయొద్దు. కార్తీకం వానలకు చెక్క ఉబ్బి మూత పట్టేస్తుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దండి.

ఇంకో మాట. ఫొటో కింద 'కలంకారీ పెట్టె' అని వేశారు. శ్రీకాళహస్తి కలంకారీ కలంతో చేత్తో గీసేది, దానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చులతో వేసేది మచిలీపట్నం పద్ధతి, అదీ బట్ట మీద, చెక్క అచ్చులతో. స్టాంపు పెట్టెను స్టాంపు పెట్టె అనే రాయండి.

దసరా సెలవుల్లో పిల్లలు ఈ పెట్టెలు పట్టుకుని కూర్చుంటారు. ప్రైమరు సంగతి ఈలోపే, అదే పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాం.

— చేతిపనుల శిక్షకులు, తిరుపతి