ఆ పాపకి తెలుగు వచ్చు: మే నెల వార్తాలేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మన డాలస్ తెలుగు బడి వరండాలో ఏం జరిగిందో మీలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. బుధవారం రాత్రికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు రెండు వందలు దాటాయట. నేను నలభై దాకా చదివి ఫోను పక్కన పెట్టేశాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూడో స్థాయి పాప ఒకతి వాళ్ళమ్మతో కలిసి క్లాసు బయట నిలబడి ఉంది. నాన్నగారిది తెనాలి. అమ్మగారు నల్లజాతి అమెరికన్, పుట్టి పెరిగింది డాలస్‌లోనే. పక్క బెంచీ మీద కూర్చున్న ఇద్దరు తల్లులు ఆ పాప జడల గురించి, వాళ్ళమ్మ రంగు గురించి తెలుగులో మాట్లాడుకున్నారు. నల్లజాతివాళ్ళ మీద మనవాళ్ళు వాడే ఆ హిందీ మాట కూడా దొర్లింది. పాప వాళ్ళ వైపు తిరిగి, "ఆంటీ, నాకు తెలుగు వచ్చండీ" అంది. ఇంకేమీ అనలేదు. క్లాసులోకి వెళ్ళిపోయింది.

'అండీ' కూడా పెట్టింది చూశారా. ఆ పిల్లకి ఆ మర్యాద నేర్పింది మన బడే, వాళ్ళ నాన్నగారే. ఆరోజు వరండాలో తెలుగు చక్కగా మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

"ఏ ఉద్దేశంతోనూ అనలేదు" అని గ్రూపులో రాశారు. నమ్ముతాను. ఉద్దేశం లేకుండానే అంత సాఫీగా వచ్చిందంటే ఇళ్ళల్లో అది ఎంత అలవాటైన మాటో అని నా దిగులు. మా సిలబస్ అ ఆల నుంచి బండి ఱ దాకా ఉంటుంది, అందులో ఆ మాట లేదు. పోయిన నెల రెండో స్థాయిలో 'మా పక్కిల్లు' అని వ్యాసం రాయమంటే ఒక బాబు, "మా పక్కింట్లో నల్లోళ్ళు ఉంటారు. మా నానమ్మ తలుపు గడియ పెట్టమంటుంది" అని రాశాడు. గుణింతాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎన్ని మార్కులు వెయ్యాలో టీచరుగారికి తోచక కాయితం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. అది ఇంకా అక్కడే ఉంది.

వేసవికి అమ్మమ్మలు, నానమ్మలు దిగుతున్నారు, సంతోషం. ఈతకొలను నుంచి వచ్చిన ఏడేళ్ళ పిల్లతో "నల్లబడిపోయావు, నిన్నెవడు చేసుకుంటాడే" అనకుండా మీరే వాళ్ళకి నెమ్మదిగా చెప్పుకోండి. పెద్దవాళ్ళకి నేను చెబితే బాగుండదు.

మామూలు విషయాలు: వచ్చే ఏడాది ఫీజు జూన్ 15 లోపు కట్టండి, లైబ్రరీ పుస్తకాలు తిరిగివ్వండి, పల్లీ చిక్కీలు పంపకండి, ఫైర్ లేన్‌లో కారు ఆపకండి, పన్నెండున్నర అంటే పన్నెండున్నరే.

"తెలుగు బడిలో తెలుగు చెప్పండి చాలు, రాజకీయాలెందుకు?" అని ముగ్గురు మెయిల్ రాశారు. ముందు నా సంగతి చెప్పుకుంటాను. 1999లో నేను ఈ ఊళ్ళో దిగిన మొదటి వారమే మనవాళ్ళు నాకు చెప్పిన జాగ్రత్త, "ఐ-30 హైవేకి దక్షిణం వైపు వెళ్ళకు" అని. నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పేటలు ఆ వైపే. ఎందుకని నేను అడగలేదు. ఆ తర్వాత కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ పప్పులు ఎక్కడ దొరుకుతాయో చెప్పినట్టే ఆ మాటా చెప్పాను. పదిహేనేళ్ళు అదే పాట. ఈలోగా ఆ వైపు ఒక్కరితోనైనా కూర్చుని కాఫీ తాగిన పాపాన పోలేదు.

ఇక మీరంతా రోజూ ఆఫీసుకి వెళ్ళే 75 నంబరు హైవే సంగతి. ట్రాఫిక్ గురించి తిట్టుకుంటూ లెమన్ అవెన్యూ దాటుతారే, అక్కడ కుడివైపో ఎడమవైపో ఎప్పుడైనా చూశారా? అది ఫ్రీడ్‌మన్స్ సిమెటరీ. బానిసత్వం నుంచి బయటపడ్డ కుటుంబాలు 1869లో తమవాళ్ళ కోసం ఏర్పాటు చేసుకున్న శ్మశానం. చుట్టూ వాళ్ళ ఇళ్ళు, చర్చిలు, దుకాణాలు ఉండేవి. 1940లలో ఎక్స్‌ప్రెస్‌వే వేసినప్పుడు సమాధుల మీదుగానే వేసేశారు. రాళ్ళు పోయాయి, పేర్లు పోయాయి. 1990 ప్రాంతంలో రోడ్డు వెడల్పు చేద్దామని తవ్వితే 1,100కి పైగా సమాధులు బయటపడ్డాయి. వాటిలో చిన్నపిల్లలవీ ఉన్నాయి. వాటిని తీసి పక్కనే మళ్ళీ ఖననం చేశారు. ఇప్పుడక్కడ స్మారకం ఉంది, కంచు విగ్రహాలున్నాయి. మన తాతల సమాధుల మీద ఎవరైనా రోడ్డు వేస్తే మనం ఎన్ని తరాలు చెప్పుకునేవాళ్ళం? నేను ఇరవై ఏళ్ళు ఆ రోడ్డు మీద కారు నడిపాక తెలుసుకున్నాను. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. మన పిల్లలకి ఈ సంగతి ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తెలియడం నాకిష్టం లేదు.

మనకి వాళ్ళతో ఏం సంబంధం అనేవాళ్ళకి ఇంకొక్కటి. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన తాను ఆర్యుణ్ణనీ, పై కులంవాణ్ణనీ, కాబట్టి పౌరసత్వం కోసం తనని తెల్లవాళ్ళలోనే లెక్కించాలనీ ఇక్కడి సుప్రీం కోర్టులో వాదించారు. ఓడిపోయారు. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు కొందరికి అదీ ఊడింది. 1946లో భారతీయుల వలసకి తలుపు కాస్త తెరిచారు, ఏడాదికి వందమందికి. ఆ కోటాల పద్ధతి పోయింది 1965లో. నల్లజాతివాళ్ళు వీధుల్లో లాఠీలు తిని, కుక్కల చేత కరిపించుకుని 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు, ఆ ఊపులోనే వలస చట్టమూ మారింది. మన వీసాల వెనక వాళ్ళ దెబ్బలున్నాయి. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో దళిత పిల్లల బడిలో, అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని "అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడు" అని పరిచయం చేశారట. కింగ్‌కి ముందు మనసు చివుక్కుమందట, తర్వాత నిజమే కదా అనిపించిందట. కులం సంగతి తెలిసిన మనకి ఈ సంగతి ఇంకొకరు విడమరచి చెప్పాలా?

సరే, మనసు తేలికపడే మాట చెబుతాను. వార్షికోత్సవానికి ఆరో స్థాయి పిల్లలు ఓపల్ లీ గారి మీద బుర్రకథ కట్టారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే ఎంచుకున్నారు! లీ గారి కుటుంబం ఫోర్ట్‌వర్త్‌లో తెల్లవాళ్ళుండే పేటలో ఇల్లు కొనుక్కుని చేరిన కొద్ది రోజులకే, 1939 జూన్ 19న గుంపు వచ్చి ఆ ఇంటిని నాశనం చేసింది. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్ళు. అదే జూన్ 19కి ఇంకో అర్థం ఉంది. బానిసల విడుదల గురించి లింకన్ చేసిన ప్రకటన 1863 జనవరి 1నే అమల్లోకి వచ్చినా, దాన్ని మన టెక్సాస్‌లో అమలుచేసే సైన్యం గాల్వెస్టన్‌లో విడుదల ఉత్తర్వు చదివేసరికి 1865 జూన్ 19 అయింది. ఆ రెండున్నరేళ్ళ ఆలస్యానికి గుర్తుగా రోజుకి రెండున్నర మైళ్ళ చొప్పున నడుస్తూ ఆవిడ 2016లో, 89 ఏళ్ళ వయసులో, ఆ రోజుని జాతీయ సెలవు చెయ్యమని అడగడానికి వాషింగ్టన్ బయల్దేరారు. 2021లో జూన్‌టీన్త్, అంటే ఆ జూన్ 19, జాతీయ సెలవు అయింది. గుంపు ధ్వంసం చేసిన ఆ ఇంటి స్థలంలోనే 2024లో ఆవిడకి కొత్త ఇల్లు కట్టి తాళాలిచ్చారు. స్థలానికి ఆవిడ దగ్గర తీసుకున్నది పది డాలర్లు.

ఇదంతా మన పిల్లలు రగడలో కూర్చారు. కథకుడు పదమూడేళ్ళవాడు, తంబుర భుజాన వేసుకుని "తందాన తాన" అని అడుగేస్తే నాకు మా ఊరి గుడి ముందరి రాత్రులు గుర్తొచ్చాయి. గుమ్మెట దొరక్క పాప్‌కార్న్ డబ్బాకి బెలూన్ రబ్బరు బిగించారు. "ఇల్లు కాలిన చోటే ఇల్లు లేచెనే" అన్న పాదం పదకొండేళ్ళ పిల్ల రాసింది. నన్ను రాయమంటే రాయలేను. అన్నట్టు, రాజకీయాలెందుకని అడిగిన ముగ్గురికీ: బుర్రకథలో కథకుడికి వంత పాడేవాళ్ళు ఇద్దరుంటారు, ఒకర్ని హాస్యం అంటారు, రెండోవాళ్ళని రాజకీయం అంటారు. రాజకీయం తీసేస్తే కథ చెప్పడానికి ఇద్దరే మిగులుతారు.

వార్షికోత్సవం రోజు భోజనాల్లో సగం దక్షిణ డాలస్‌లో ఒక నల్లజాతి దంపతులు నడిపే చిన్న హోటల్ నుంచి తెప్పిస్తున్నాం. బెండకాయ, బొబ్బర్లు, ఆకుకూర ఉంటాయి. పంది మాంసం తగలకుండా వండమని చెప్పాం, మళ్ళీ వాళ్ళకి విడివిడిగా ఫోన్లు చేసి విసిగించకండి.

జూన్ మొదటి శనివారం ఉదయం ఎనిమిదింటికి బడి ముందు నుంచి బస్సు. ముందు ఫ్రీడ్‌మన్స్ స్మారకం, అక్కణ్ణించి ఫోర్ట్‌వర్త్‌లో లీ గారి పేరు మీద ట్రినిటీ నది పక్కన నడుస్తున్న తోట. అక్కడ రెండు గంటలు కలుపు తీస్తాం. మంచి కూరగాయలు దొరకని పేటలకి ఆ పంట వెళుతుంది. పాత బట్టలు, టోపీ, నీళ్ళ సీసా తెచ్చుకోండి. పిల్లల్ని దింపేసి వెళ్ళిపోవడం కుదరదు, ఇంటికొక పెద్దవాళ్ళు రావాలి.

బస్సులో 48 సీట్లు. నిన్న రాత్రికి 31 పేర్లు వచ్చాయి. ఆ రోజు బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు తమ పేరు, తమ అత్తగారి పేరు రాశారు. అడగకుండానే.

మీ
ప్రధానోపాధ్యాయురాలు